హైటెక్ సిటీ ఆరోగ్యపృచ్ఛలు: పాఠవిమర్శ

తాళపత్రప్రతులను, వాని పాఠభేదములను పరిశీలించుటకు అలవాటుపడిన పత్రికలో, మాదాపూరు అద్దాలమేడలలో కంప్యూటరుల ముందు కూర్చుండువారి నిద్రను గూర్చియు, కాలేయమును గూర్చియు ప్రసంగమెందులకని చదువరులు శంకింపవచ్చును. ఆ యుద్యోగులను ప్రశ్నించి, వారు చెప్పినది వ్రాసికొని, దానిపై సిద్ధాంతములు నిలుపు పరిశోధనలు నేడు వెలువడుచున్నవి. అడిగినది పెక్కుమార్లు ఒక భాష, అచ్చుపడినది మఱియొక భాష. పలికినది వాక్యము, మిగిలినది పట్టిక. ఈ రెంటికి నడుమ మాట యేమయ్యెనో విచారించుట పాఠపరిష్కర్తల పని. వైద్యుల పని కాదు. కావున నీ విమర్శకు పూనుకొంటిని.

1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. అది మొదలు కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వఱకు వ్యాపించిన యీ ప్రాంతమున తెలుగుదేశమున అంతకుముందు లేని యొక వృత్తి పుట్టినది. వృత్తి పుట్టినచోట వృత్తిరోగములును పుట్టును. వీనిని గూర్చి జరిగిన పరిశోధనలు రెండు తెఱగులు. దేహమును కొలిచినవి కొన్ని, మనుష్యుని అడిగినవి కొన్ని. తార్నాకయందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2023లో ప్రకటించిన హైదరాబాదు ఐటీ ఉద్యోగుల పరిశీలనము మొదటి తెగలోనిది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమువారు ఏఐజీ ఆసుపత్రి వైద్యులతో గూడి 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికయందు ప్రకటించినదియు అట్టిదే. బెంగుళూరునందలి జాతీయ ఉన్నత అధ్యయన సంస్థలో కరోల్ ఉపాధ్య, ఎ. ఆర్. వాసవి గార్లు 2006లో వెలువరించిన నివేదిక రెండవ తెగకు చెందును. అది ప్రధానముగా బెంగుళూరువారిని గూర్చినదైనను, అందలి ప్రశ్నలు మన నగరమునకును చాలవఱకు వర్తించును. మఱియొకటి షియాంగ్ బియావో యను చైనాదేశపు పండితుడు తెలుగు ఉద్యోగులను హైదరాబాదునను, సిడ్నీయందును కలసికొని వ్రాసి 2007లో ప్రకటించిన 'గ్లోబల్ బాడీ షాపింగ్' అను గ్రంథము. దానిని గూర్చి ముందు చెప్పెదను.

అడుగుట వైద్యమున క్రొత్త కాదు. దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని రోగిపరీక్ష మూడువిధములని మన వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. పాశ్చాత్యులలో ఇటలీదేశీయుడైన రామజీని యను వైద్యుడు 1700లో వృత్తిరోగములపై నొక గ్రంథము వ్రాసి, పూర్వవైద్యులు రోగిని అడుగుమన్న ప్రశ్నలకు 'నీ వే పని చేయుదువు?' అను ప్రశ్నను చేర్చెను. 1713లో వెలువడిన రెండవ కూర్పున వ్రాయసకాండ్రను గూర్చి యొక ప్రకరణమును చేర్చి, వారి బాధకు మూడు కారణములు చెప్పెను: ఎడతెగక కూర్చుండుట, చేయి ఒకే విధముగా కదలుట, తప్పు దొర్లకుండవలెనని మనస్సును బిగబట్టుట. మూడువందల యేండ్లు గడచినను ఈ మూడింటిలో నొక్కటియైన మాదాపూరునకు వర్తింపనిది లేదు.

ఇది మన పండితులకు మఱింత దగ్గఱి విషయము. వ్రాతప్రతుల తుదిని లేఖకులు వ్రాయు శ్లోకములు మన మెఱుగనివి కావు. వీపు, నడుము, మెడ విఱిగినవనియు, చూపు నిలిచిపోయినదనియు, తల వంచికొని కష్టపడి వ్రాసిన యీ పుస్తకమును యత్నముతో కాపాడుడనియు ఒక శ్లోకము వేడుకొనును. ప్రతిలో చూచినట్లే వ్రాసితిని, తప్పొప్పులకు నన్ను నిందింపవలదని మఱియొకటి చెప్పును. ఎన్ని ప్రతులలో వీనిని చదివి, గతానుగతికములని దాటిపోయితిమి! మొదటిది పనివాడు తన దేహమును గూర్చి తన నోట చెప్పిన సాక్ష్యము. రెండవది ఇతరుని మాటను వ్రాసికొనువాడు పాటింపవలసిన నియమము. హైటెక్ సిటీ పరిశోధనలలో మొదటిదానిని విన్నవారు కలరు. రెండవదానిని పాటించినవారు అరుదు.

ఇక పత్రములను చూతము. పోషకాహార సంస్థవారి పరిశీలనమున నూటికి 46 మందికి జీవక్రియా దోషసముదాయము కలదని తేలినది. నడుము చుట్టుకొలత, రక్తపుపోటు, పరగడుపున రక్తమందలి చక్కెర, రెండువిధముల కొవ్వులు అను నైదింటిలో మూడు హద్దు తప్పినచో వైద్యులు దాని కీ పేరు పెట్టుదురు. వారానికి 150 నిమిషముల వ్యాయామము చేయువారు నూటికి 22 మంది మాత్రమే యనియు, దినమునకు ఎనిమిది గంటలకు పైగా కూర్చుండుట సామాన్యమనియు అందు గలదు. విశ్వవిద్యాలయమువారు 345 మందిని పరీక్షింపగా నూటికి 84 మంది కాలేయమున కొవ్వు చేరియున్నదని కనబడినది; నూటికి 71 మంది స్థూలకాయులు. దీర్ఘకాలము కూర్చుండుట, నిద్ర చాలమి, పనియొత్తిడి ఇందులకు తోడ్పడు హేతువులని వారు వ్రాసిరి. ఇవి విలువగల పత్రములు. కాలేయపు కొవ్వును ఏ ప్రశ్నయు పట్టుకొనలేదు, యంత్రమే పట్టుకొనవలెను. దీనిని గూర్చి నాకు వివాదము లేదు.

కాని కూర్చుండుట, నిద్ర, ఒత్తిడి అను మూడును యంత్రము చెప్పునవి కావు, మనుష్యుడు చెప్పవలసినవి. ఇచ్చట పాఠదోష మారంభమగుచున్నది.

'కూర్చుంటాను', 'కూర్చోవలసి వస్తుంది', 'కూర్చోబెడతారు' అను మూడు వాక్యములను తీసికొనుడు. ఇవి యే యొక్కరి నుండియు సేకరించినవి కావు. మన యిండ్లలో ప్రతిదినము వినబడునవి. మొదటిదానియందు క్రియ కర్త యొక్క స్వేచ్ఛ. రెండవదానియందు ఆవశ్యకత చేరినది. కర్త యున్నాడు గాని స్వేచ్ఛ లేదు. మూడవది ప్రేరణార్థకము, కూర్చుండువా డొకడు, కూర్చుండజేయువాడు వేఱొకడు. ప్రశ్నపత్రమునకు కావలసినది గంటల సంఖ్య. మువ్వురును ఎనిమిది గంటలని చెప్పినచో మువ్వురును ఒకే గడిలో పడుదురు. పిదప పత్రపు తుదిని గంటకొకసారి లేచి నడువుడని యుద్యోగికి హితోపదేశము చేయబడును. ఆ యుపదేశము మొదటి వాక్యము చెప్పినవానికి చెల్లును. మూడవ వాక్యము చెప్పినవానికి చేయవలసిన యుపదేశ మున్నచో అది వానికి గాదు, వానిని కూర్చోబెట్టినవానికి. ప్రేరణార్థకమును లేఖకుడు వదలివేయుట చేత మందు మాఱిపోయినది, మందు త్రాగవలసినవాడును మాఱిపోయెను.

నిద్ర విషయ మింతకంటె సూక్ష్మము. 'నాకు నిద్ర పట్టదు' అనునపుడు కర్త నిద్ర. మనుష్యుడు కు-వర్ణకముతో షష్ఠియందున్నాడు. చిన్నయసూరి చదివిన బాలురకును ఇది తెలియును. వచ్చుటకు గాని పట్టుటకు గాని సమర్థమైనది నిద్ర యే. అది పట్టనిచో మనుష్యుడు చేయగలదేమియు లేదు. 'నేను నిద్రపోను' అన్నచో కర్త మాఱినది. అది వాని యలవాటు, లేదా వాని పట్టుదల. 'నన్ను నిద్రపోనివ్వరు' అన్నచో మూడవవా డొకడు వాక్యమున ప్రవేశించినాడు. రాత్రి రెండుగంటలకు అమెరికానుండి వచ్చు ఫోనుపిలుపు అట్టివాడు. ఈ మూడింటిని కలిపి 'నిద్రలేమి' యను నొక నామవాచకముగా జేసినచో క్రియ పోయినది, క్రియతో కర్త పోయినాడు. మొదటివాడు వైద్యుని యొద్దకు పోవలెను. రెండవవాడు తన్ను తాను దిద్దుకొనవలెను. మూడవవాని బాధకు చికిత్స పనివేళల పట్టికలో నున్నది. తెలంగాణ ప్రభుత్వము 2025 జూలైలో వాణిజ్యసంస్థలలో దినమునకు పదిగంటల వఱకు పని చేయించుటకు, వారమునకు 48 గంటలు మించరాదను నియమముతో, అనుమతి నిచ్చినది. శాసనము గంటలను మాత్రమే లెక్కించును. 'పోనివ్వరు' అను క్రియను లెక్కించు శాసన మింకను పుట్టలేదు. అట్టి మాట యొకటి కలదని చూపు పత్రమైన ముందుగా నుండవలెను గదా.

ఒత్తిడికి వత్తము. షెల్డన్ కోహెన్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు తన సహచరులతో 1983లో నిర్మించిన ఒత్తిడి కొలమానము ప్రపంచమంతట వాడుకలో నున్నది. గడచిన నెలలో ఎన్నిమారు లిట్లు తోచినదని అడిగి, ఎన్నడును లేదు మొదలు తఱచుగా వఱకు నొక యంకె వేయించుట దాని పద్ధతి. తెలుగు ఉద్యోగి ఒత్తిడి యను మాటను తానుగా వాడుట తక్కువ. వాడునది టెన్షన్. ఇంగ్లీషు మాట గదా, అనువాదమున కడ్డేమి యని తోచును. కాని తెలుగున అది తెలుగు క్రియలతో గాని నిలువదు. 'టెన్షన్ పడుతున్నాను' అన్నచో భయపడు, సిగ్గుపడు అను వాని వరుసను చేరినది; బాధ లోపల నున్నది. 'టెన్షన్ పెడుతున్నాడు' అన్నచో పెట్టువా డున్నాడు. 'టెన్షన్‌గా ఉంది' అన్నచో ఎవరును లేరు, ఆకాశమున మబ్బువలె అది కమ్మియున్నది. నామము పరదేశముది, క్రియ మన యింటిది. లాగిన్ అగుట, లాగౌట్ అగుట, 'లాగౌట్ అవనివ్వకపోవుట' అన్నియు నిట్టివే. వీరు ఇంగ్లీషులోనే మాటాడుదురు, తెలుగుపాఠ మేలయను ఆక్షేపమునకు ఇదియే సమాధానము. సంగతి క్రియలో నున్నది.

పూర్తిగా ఇంగ్లీషు లేని మాటలు మఱికొన్ని కలవు. రాత్రులు మేలుకొన్నవాడు 'వేడి చేసింది' అనును. కన్నులు మండుట, నోట పొక్కులు, మూత్రపు మంట, చికాకు, అన్నియు ఆ యొక్క మాటలో నున్నవి. దానిని జ్వరమని వ్రాసినచో తప్పు, వదలివేసినచో లోపము. 'బుర్ర పనిచెయ్యట్లేదు' అనునది జాడ్యమా, అలసటయా, పరిహాసమా యని స్వరమును బట్టి గాని తెలియదు. అన్నింటికంటె మాయగలది 'బాగానే ఉంది' అను జవాబు. బాగుంది యనుట వేఱు, బాగానే ఉంది యనుట వేఱు. ఆ ఏకారమున 'మిమ్ము కష్టపెట్టనేల' యను మర్యాదయో, 'ఇంతకు మించి చెప్పను' అను నిషేధమో, 'ఇంకను చెడవచ్చును' అను శంకయో యుండును. సంస్థవారి యనుమతితో, సంస్థవారి గదిలో, గాజుతలుపు వెనుక అడిగినపుడు వచ్చు జవాబు లెక్కువగా నీ యేకారముతో కూడియుండుననుట ఊహింపదగినదే. పట్టికలో అది 'తృప్తికరము' అను గడిలో పడును.

ఈ సందర్భమున షియాంగ్ బియావో గ్రంథమును మెచ్చుకొనక తప్పదు. ఆయన తెలుగువాడు కాడు. గ్రంథము తెలుగుది కాదు. కూలీలను సమకూర్చి, అద్దెకిచ్చి, లాభము గొను నడిమివారి వ్యాపారమును, దాని వెనుక ఊళ్లలోని పొలముల సొమ్మును, వరకట్నమును ఆయన బయటపెట్టిన తీరు తెలుగువారమే చేయవలసియుండినది. ఆయనకు దొరకిన రత్నము 'బెంచి' యను మాట. పని దొరకక, నడిమివాని చేతిక్రింద, మఱియొక యజమాని పిలుచువఱకు కాచియుండుటను ఉద్యోగులు బెంచిమీద నుండుట యందురు. ఆయన దానిని నిరుద్యోగమని మార్చివ్రాయలేదు. ఆ మాటను పట్టుకొని, ఆ కాపుదల యెవరికి లాభమో విచారించెను. మన పాఠశాలల పండితులకు బెంచి యెక్కుట యన నేమో తెలియును. శిక్షగా నిలువబడిన బాలుని సిగ్గు ఆ మాటలో కొంత యున్నదా యని నాకు తోచును. సిడ్నీలోని పండితునకు అది వినబడియుండదు. ఐనను మాటను మాటగా నిలిపినందున నేడు మన మిట్లు తలపోయగలిగితిమి. పాఠము నిలిచినచో వ్యాఖ్యానము ఎన్నడైనను రావచ్చును.

ప్రశ్నించువారిని గూర్చి యొక మాట. అవధానమున పృచ్ఛకు లుందురు. నిషిద్ధాక్షరి నిచ్చువాడు అడుగడుగున అక్షరమును నిషేధించును. అవధాని మిగిలిన త్రోవన నడచి పద్యము పూర్తిచేయును. సభ దానిని చూచి యానందించును. ఐదు గడులు గీసి, వానియందే జవాబు చెప్పుమను ప్రశ్నపత్రమును నిషిద్ధాక్షరియే. అవధానియందు అది విద్య. నడుము నొప్పితో నున్న యిరువదియెనిమిదేండ్ల పిల్లవానియందు అది యేమగును? మన పృచ్ఛకులలో అప్రస్తుతప్రసంగము చేయువాడును ఒకడు కలడు. ఆరోగ్యపృచ్ఛకు కావలసినవాడు వాడే. ఊరిలో తల్లి యెట్లున్నది, కారు బాకీ యెంత మిగిలినది, వంట యెవరు చేయుదురు అని అడిగినచోటనే మెడనొప్పి బయటికి వచ్చును.

దీనికి బలమైన యాక్షేప మొకటి కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. మాటను మాటగా అచ్చువేసినచో మనుష్యుడు బయటపడును. తెలుగు యాస తన యూరును చెప్పక మానదు. 'వస్తున్న' అన్నవా డొక ప్రాంతమువాడు, 'వత్తన్నా' అన్నవాడు మఱియొక ప్రాంతమువాడు. పదిమంది గల బృందమున శ్రీకాకుళమువా డొక్కడే యున్నచో, పేరు తీసివేసినను పై యధికారి గుర్తుపట్టును. పిదప వాని యుద్యోగము గతి యేమి? ఇంగ్లీషు అనువాదము ఈ విషయమున నొక ముసుగువలె రక్షించుచున్నది. ఇది యథార్థము. యాసను అచ్చువేయుమని నేను కోరుట లేదు. ప్రత్యయములను సామాన్యభాషలోనికి మార్చినను క్రియ చెడదు. 'కూర్చోబెడతారు' అను మాట ఏ జిల్లా రూపమున నున్నను ప్రేరణార్థకమే. పది పండ్రెండు మాటల వాక్యమును, ఊరు పేరు లేకుండ, ఇంగ్లీషు ప్రక్కన తెలుగులిపిలో నిలుపుటకు ఒక పుటకంటె నెక్కువ పట్టదు. బీహారునుండియు, తమిళదేశమునుండియు వచ్చినవారు చెప్పినది వారి భాషలలో నట్లే నిలుపవలెను. ఇంగ్లీషునందే చెప్పినవానికి ఇంగ్లీషే మూలము.

ఇట్టి పని మనవారు చేయనిది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు మాండలిక వృత్తిపదకోశమును వెలువరించిరి. 1962లో వచ్చిన మొదటి సంపుటము వ్యవసాయమును గూర్చినది. 1971లో వచ్చిన రెండవది చేనేతను గూర్చినది. నాగలి భాగములను రైతు నడిగిరి, మగ్గపు భాగములను నేతగాని నడిగిరి. చెప్పిన మాటను చెప్పిన చోటితో సహా వ్రాసిరి. అర్థము చెప్పవలసినచోట చెప్పిరి గాని మాటను మార్చలేదు. ఆ సంపుటములకు తరువాతి వృత్తి యిది. ఇందు పనిముట్ల పేర్లు ఇంగ్లీషువగుట చేత పదకోశకారులు దీనివంక చూడలేదు కాబోలును. పనిముట్టు ఇంగ్లీషుదే, నొప్పి ఇంగ్లీషుది కాదు.

ఇంతవఱకు కంప్యూటరు ముందు కూర్చుండువారిని గూర్చియే చెప్పితిని. పరిశోధకులును ఎక్కువగా వారినే అడిగిరి. ఆ మేడల ద్వారములయొద్ద పండ్రెండు గంటలు నిలువబడు కావలివారు, మరుగుదొడ్లు కడుగు స్త్రీలు, రాత్రి ఉద్యోగులను ఇండ్లకు చేర్చి కారులోనే కునుకు తీయు డ్రైవరులు, క్యాంటీను వంటవారు అదే గాలిని పీల్చుచున్నారు. కూర్చుండుట రోగమని వ్రాసిన పత్రము కావలివానికి చూపినచో వాడు నవ్వును. వీరియం దింగ్లీషు ముసుగు లేదు. వీరి నడుగవలెనన్న తెలుగునో, ఉర్దూనో, హిందీనో అడిగితీరవలెను. బహుశః అందుచేతనే అడుగలేదు.

తుదకొక చిన్న చిక్కును చూపెదను. ఆహారపరిశీలనములలో 'నిన్న ఏమేమి తిన్నారు?' అని అడిగి, ఇరువదినాలుగు గంటల యాహారమును వ్రాసికొనుట ప్రసిద్ధమైన పద్ధతి. పొలమునుండి వచ్చిన రైతునకు నిన్న యన నేమో తెలియును. సాయంకాలము ఆరింటికి కారెక్కి, రాత్రి రెండింటికి భోజనముచేసి, తెల్లవాఱి ఇల్లు చేరి, మధ్యాహ్నము లేచినవానిని అడిగినచో వానికి నిన్న యెక్కడ తెగినది? అర్ధరాత్రి కాడనా, నిద్రకాడనా? రెండింటికి తిన్నదానిని వాడు 'రాత్రి భోజనం' అనును, 'లంచి' యనును, ఒక్కొక్కప్పుడు 'మధ్యలో తిన్నది' యనును. ఒకే పళ్లెము మూడు పేర్లతో మూడు గడులలో పడవచ్చును. ప్రశ్నపత్రమును తెలుగు చేయువారు 'నిన్న' యను మాటకు బదులు 'మీరు క్రిందటిసారి నిద్ర లేచినది మొదలు' అని వ్రాసి చూడవలెను.